అసిరమ్మ పరీక్ష

వెలుగు పక్షం, సోమవారం

ఈ లాగ్ కమిటీ అడిగింది కాదు. కమిటీకి ఇచ్చేది వేరే ఉంది. ఏ గాలి తలుపు దగ్గర పనిచేశానో, దేనికి రబ్బరు పట్టీ మార్చానో అందులో రాసి సంతకం పెడతాను. ఇక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను. గవిపాలెంలో ఆ పని ఇంకెవరూ చెయ్యడం లేదు కాబట్టి.

ఇవాళ ఈ నెల ఎముకల బలం అంకెలు వచ్చాయి. భోజనాల హాల్లో, అన్నం గిన్నెలకి ఎదురుగా, గోడ నిండా ఎముకల బోర్డు ఉంటుంది. దాని మీద మా అత్త పేరు అట్టడుగున ఉంది. అసిరమ్మ, తలుపుల విభాగం. ఆ కింద ఖాళీ గోడ.

చంద్రుడి మీద పుట్టిన నాలాంటివాడికి భూమి బరువంటే ఏమిటో తెలియదు. నిండు నీళ్ల డ్రమ్ముని ఒంటి చేత్తో పట్టుకుపోతాం. మనిషికి సుఖమే గానీ ఎముకకి ఆ సుఖం పడదు. పని లేదనుకుని కరిగిపోతుంది. అందుకని రోజూ అందరూ బరువు చట్రంలో నిలబడాలి. భుజాల మీద పట్టీలు, నేలలోంచి స్ప్రింగులు. అవి కిందికి లాగుతుంటే గుంజీలు తీసినట్టు కూర్చుని లేవాలి. దీన్ని బరువు పూట అంటారు. తాతల కాలంలో ఇది వైద్యం. ఇప్పుడు నీతి అయి కూర్చుంది. అంకె బాగున్నవాడు మంచివాడు. అంకె తగ్గినవాడు బద్ధకస్తుడు, స్ప్రింగు కొక్కేలు వదులు చేసుకుని ఊరిని మోసం చేసిన దొంగ.

మేం పళ్లాలతో వరసలో నిలబడితే వెనక ఎవరో అన్నారు. "కొక్కేలు ఒదులు సేసుకుంటే అంకెలెలగ నిలబడతాయి?"

అత్త వెనక్కి తిరగలేదు. వడ్డించే అమ్మాయితో "కూర వాసన బాగుందమ్మా, కుసింత ఎక్కువెయ్యి" అంది. బల్ల దగ్గరికి వచ్చాక అదంతా నా పళ్లెంలోకి తోసేసింది. కడుపులో కేన్సర్ వచ్చి సగం కడుపు తీసేసిన దగ్గర్నుంచి ఆమెది పిట్ట తిండి. ఈ మధ్య అదీ తగ్గింది.

నేను పళ్లెం గోడకేసి కొట్టాను. గోడకి తగిలిన పళ్లెం ఇక్కడ తీరిగ్గా కింద పడుతుంది. అందరూ ఆ పళ్లేన్నే చూస్తూ ఉండిపోయారు. నా వైపు ఎవరూ చూడలేదు.

వెలుగు పక్షం, బుధవారం

అమ్మా నాన్నా సొరంగం కూలి చనిపోయాక నన్ను పెంచింది అత్తే. నాన్నకి అక్క. తలుపుల పని నేర్పింది ఆమే. చదువు మాత్రం కాగితాలు నేర్పాయి. భూమి నుంచి పంపు సామాను వచ్చే పెట్టెల్లో, కుదుపు తగలకుండా పాత కరపత్రాలు నలిపి కుక్కుతారు. వాటిని చేత్తో సాపు చేసి చదువుకున్నాను. కూలి గంటలు, నీటి హక్కు, కౌలు భూమి. నేను చూడని వాటి గురించి నాకు చాలా తెలుసు. చాలా కరపత్రాలకి చివరి పేజీ ఉండదు. "కాబట్టి సోదరులారా" అన్న దగ్గర ఆగిపోతాయి. ఆ తరవాతిది నేనే పూరించుకున్నాను. అన్యాయాన్ని నలుగురి ముందుకీ లాగితే అది నిలవదు. ఇది అలా పూరించుకున్నదే.

ఇవాళ అత్త మంచం దిగడానికి గోడ పట్టుకుంది. గవిపాలెంలో మంచం దిగడానికి ఎవరికీ గోడ అక్కర్లేదు.

"ఎప్పట్నుంచి ఈ నొప్పి?"

"ఎప్పట్నుంచో. తొంగుంటే మరీ ఎక్కువ. కూకుంటే లాగుద్ది. నిలబడితే అదో రకం."

"డాక్టరమ్మకి చెప్పావా?"

"సెప్పకేం. అందరికీ ఉండేదేనమ్మా అంది. నిజవే గదేటి. ఈ గవిలో నడుం నొప్పి లేనోడు ఎవుడున్నాడు?"

"అందరికీ ఉన్నంత మాత్రాన అది న్యాయం అయిపోతుందా?"

"ఓలమ్మ, మొదలెట్టీసినాడు. నడుం నొప్పిలో నాయం ఏటిరా?"

వెలుగు పక్షం, గురువారం

డాక్టర్ హైమవతి దగ్గరికి వెళ్లాను. చెడ్డ మనిషి కాదు. అదే నాకు కోపం. చెడ్డ మనిషయితే తిట్టి రావచ్చు.

"కడుపులోకి గొట్టం వేసి చూశాను తవిటీ. శుభ్రంగా ఉంది. కుట్టిన చోట మచ్చ తప్ప ఏమీ లేదు."

"నేను అడిగింది నడుం గురించి."

"నడుం ఎముక పలచబడింది. రక్తంలో కూడా ఎముక అరుగుతున్న గుర్తులున్నాయి. ఇక్కడ ఎవరి రక్తం తీసినా అవి ఉంటాయి. నీ రక్తంలోనూ ఉంటాయి."

"మరి మందు?"

"బరువే మందు."

"నొప్పికి?"

"ఎముక నొప్పికి మందివ్వకూడదని రూలు. ఇస్తే ఊరు ఊరంతా నా గుమ్మంలో ఉంటుంది."

నడుం ఫోటో చూపించమన్నాను. అంకెలు తీసే నడుం యంత్రం ఫోటో దాచదట. ఫోటో తీసుకుంటుంది, అందులోంచి అంకె లాగుతుంది, ఫోటోని చెరిపేస్తుంది. జాగా చాలడం లేదని కమిటీ చేసిన తీర్మానం. లోపలి ఎముకల్ని చూపించే పెద్ద యంత్రం ఒకటుంది. దాని కిరణాల గొట్టం పాతబడింది, కొత్తది భూమి నుంచి రావాలి. అందుకని దాన్ని విరిగినవాళ్లకే వాడతారు.

"విరగనివాళ్లు ఏం చెయ్యాలి?"

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంది. "అంకె పెరిగేలా చూసుకోవాలి" అంది. ఆమె సొంత అంకె బోర్డు మీద మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ మాట అనడానికి అది చాలు.

వెలుగు పక్షం, శుక్రవారం

కమిటీ కాగితం వచ్చింది. అంకె పెరిగేదాకా అత్త రోజుకి రెండు బరువు పూటలు చెయ్యాలి. అప్పటిదాకా తలుపులు ముట్టుకోకూడదు. బలం లేని ఎముకల్ని తలుపు దగ్గర ఉంచితే ఊరి ఊపిరికే ప్రమాదమట. ఆ తలుపులతోనే ఆమె ముసలిదైంది.

కమిటీ పెద్ద జోగినాయుడి గదికి వెళ్లాను. విశ్రాంతి ఇమ్మని అడగాలనే వెళ్లాను. దారిలో మాటలు కూడా సర్దుకున్నాను. పెద్దవాళ్లని ఎలా అడగాలో అలాగే అడగాలనుకున్నాను.

ఆయన నాకు టీ పోశాడు. "ఇది శిచ్చ కాదు బాబూ, సాయం. బద్దకం ఎవులికైనా వొస్తాది. నలుగురం కలిసి వొదిలించాల."

"మా అత్త ఒక్క పూట కూడా ఎగ్గొట్టలేదు."

"అయితే అంకె అబద్దవా?"

"అంకె నిజమైతే మా అత్త అబద్ధమా?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వుతో నేను సర్దుకున్న మాటలన్నీ పోయాయి. కరపత్రాలు నోట్లోకి వచ్చాయి. "సభ పెట్టండి. ఊరంతా చూస్తుండగా మా అత్త పూర్తి బరువు ఎత్తుతుంది. కొక్కేలు మీ చేత్తో మీరే బిగించండి. ఎత్తితే దొంగ అన్న ప్రతివాడూ క్షమాపణ చెప్పాలి. ఆమె పేరు బోర్డు అడుగునుంచి తియ్యాలి."

ఆయన టీ గ్లాసు దించి నన్ను కొత్తగా చూశాడు. "బాగుంది. నలుగురి ముందూ తేలిపోద్ది" అన్నాడు.

విశ్రాంతి అడగడానికి వెళ్లినవాణ్ణి సవాలు విసిరి వచ్చాను. బయటికి వచ్చాక కూడా ఒళ్లు ఉడుకుతూనే ఉంది. గెలిచినట్టే ఉంది.

వెలుగు పక్షం, ఆదివారం

అత్తకి చెప్పడానికి రెండ్రోజులు పట్టింది. ఆమె దిండుని నడుం కింద ఒకలా పెట్టి, తీసి, ఇంకోలా పెడుతోంది.

"నన్నడక్కుండానే సెప్పీసొచ్చీసినావా?"

"నీకు ఇష్టం లేకపోతే వెళ్లి వద్దంటాను."

"వొద్దంటే ఏటంటారు? బయపడిందంటారు. దొంగనుకోడం కాదు, దొంగేనంటారు." మళ్లీ దిండు మార్చింది. "ఎత్తుతాన్లే. ఇన్నేళ్లూ ఎత్తలేదేటి? నువ్వా మూతి అలగెట్టకు."

పక్క గది గున్నయ్య వచ్చాడు. నీళ్ల పంపు దగ్గర పనిచేస్తాడు. వరసకి ఏమీ కాడు, కానీ అత్తని అప్పా అంటాడు, అక్కా అన్నట్టు. బోర్డు మీద అత్తకి సరిగ్గా పైన ఉన్న పేరు ఆయనదే.

"ఎందుకొచ్చిన గొడవప్పా. నాలుగు రోజులు ఊరుకుంటే ఆల్లే మరిసిపోతారు."

"నీకేటి తమ్ముడూ, నా నెత్తి మీద దర్జాగా కూకున్నావు."

గున్నయ్య నవ్వబోయి ఆగాడు. "నువ్వు లెగిసెల్లిపోతే నానేగదా అడుగున."

అత్త నవ్వింది. నేనూ నవ్వాను. గున్నయ్య మాత్రం నవ్వలేదు.

సాయంత్రం నేను కరపత్రం రాశాను. "అసిరమ్మ దొంగ కాదు" అని పేరు పెట్టాను. నా జీవితంలో మొదటిసారి ఒక కరపత్రానికి చివరి పేజీ కూడా ఉంది. ప్రతి తలుపుకీ ఒకటి అంటించాను. జనం ఆగి చదువుతున్నారు. చూడ్డానికి ఎంత బాగుందో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా లేదు.

చీకటి పక్షం, మంగళవారం

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

బల్లలు పక్కకి లాగి హాలు మధ్యలో చట్రం పెట్టారు. అత్త తలుపుల విభాగం చొక్కా వేసుకుని నడిచి వచ్చింది. నా చెయ్యి పట్టుకోనంది. జోగినాయుడు కొక్కేలు ఒక్కొక్కటే బిగించి, లాగి చూపించి, అందరికీ వినపడేలా "పూర్తి బరువు" అన్నాడు. అత్త పట్టీలు సరిచేసుకుని నా వైపు చూసి కళ్లతోనే 'ఊఁ' అంది.

కూర్చుంది. లేచింది. జనం చప్పట్లు కొట్టారు. మళ్లీ కూర్చుని లేచింది. ఈసారి లేవడానికి ఆలస్యమైంది, చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. నేనందరికంటే గట్టిగా కొట్టాను. మూడోసారి సగం లేచి ఆగింది.

ఎండుపుల్ల విరిగిన చప్పుడు. అందరికీ వినపడిందో లేదో నాకు తెలియదు.

గవిపాలెంలో ఏదైనా నెమ్మదిగా పడుతుంది. జారిన గ్లాసు, విసిరిన పళ్లెం, మెట్ల మీద కాలు తప్పిన పిల్ల. మా అత్త అలా పడలేదు. స్ప్రింగులకి ఏమీ తెలియదు కదా, అవి లాగుతూనే ఉన్నాయి. భూమి మీద మనుషులు ఎలా పడతారో ఇవాళ చూశాను.

నేను పరిగెత్తాను. ఆమె అరవలేదు. "తవుటూ, పట్టీలిప్పు" అంది. ఇప్పుతుంటే, "ఇది లెక్కలోకొస్తాదా?" అని జోగినాయుణ్ణి అడిగింది.

ఆయన వంగి కొక్కేలు విప్పడం మొదలుపెట్టాడు.

"కాళ్లు నావి కానట్టున్నాయిరా" అంది నాతో.

చీకటి పక్షం, బుధవారం

ఎముక విరిగింది కాబట్టి పెద్ద యంత్రం తెరిచారు.

డాక్టరమ్మ నన్ను పిలిచి తెర చూపించింది. ఫోటో చదవడం నాకు రాదు. అయినా అర్థమైంది. వెన్నులో, తుంటిలో, పక్కటెముకల్లో ఎలకలు కొరికినట్టు నల్లటి తొర్రలు. మధ్యమధ్యలో సున్నం ముద్దలు. నడుం దగ్గర ఒక పూస అప్పడంలా నలిగి ఉంది.

"కడుపు కేన్సర్ ఇది" అంది.

"కడుపు శుభ్రంగా ఉందన్నారు."

"కడుపు శుభ్రంగానే ఉంది. కోసి తియ్యకముందే కొన్ని కణాలు రక్తంలో పడి ఎముకల్లోకి వెళ్లిపోయాయి. అక్కడే పెరిగాయి. ఇది వేరే జబ్బు కాదు తవిటీ, అదే జబ్బు ఇల్లు మారింది. లోపల్నుంచి ఎముకని తినేస్తూ ఉంటుంది. మన యంత్రానికి అది ఎముక అరగడంలాగే కనపడుతుంది. అంకె తగ్గుతుంది, అంతే."

"ఆ తినేసిన ఎముకకి బరువే మందన్నారు మీరు."

"అన్నాను."

ఆమె తల దించుకుంటుందని చూశాను. దించుకోలేదు. "నేను కడుపులో వెతికాను" అంది. తిట్టడానికి నోరు తెరిచాను. ఆమె కడుపులో వెతికింది, కమిటీ బద్ధకంలో వెతికింది, నేను కరపత్రాల్లో వెతికాను. నోరు మూసుకున్నాను.

"ఎన్నాళ్లు?"

"వచ్చే సరుకు ఓడని చూస్తే గొప్పే. కాళ్లు తిరిగి రావు. నొప్పికి మందు మొదలుపెట్టాను. చీటీ మీద కేన్సర్ అని రాశాను కాబట్టి ఇవ్వొచ్చు."

"పోయిన పక్షం ఇదే నొప్పి కదా."

"పోయిన పక్షం అది ఎముక నొప్పి" అంది. అప్పుడు తల దించుకుంది. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు.

చీకటి పక్షం, శనివారం

మందు పనిచేస్తోంది. అత్త తొలిసారి వెల్లకిలా పడుకుంది. ఎన్నాళ్లయిందో అలా పడుకుని. "ఇంత మంచి మందుంచుకుని నన్ను గుంజీలు తియ్యమన్నారు సూడు" అంది.

కాళ్లకి నూనె రాశాను. తెలియడం లేదని చెప్పకుండా, "బాగుంది, ఇంకా రాయి" అంటోంది.

మధ్యాహ్నం జోగినాయుడు వచ్చాడు. మంచం పక్కన నిలబడి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అది నటన అని రాస్తే నేను అబద్ధం రాసినట్టు. "మాపు సెయ్యప్పా, దొంగన్నాం నిన్ను" అన్నాడు. ఊరంతా కూర్చుని తీర్మానం చేసిందట. వచ్చి వినమన్నాడు నన్ను.

హాల్లోకి వెళ్లాను. అత్త పేరు అడుగునుంచి తీసేశారు. బోర్డుకి అన్నిటికంటే పైన, అంకె లేకుండా, పెద్ద అక్షరాలతో రాశారు. అందరూ లేచి నిలబడ్డారు. ముసలివాళ్లు నా భుజం తట్టారు. ఎవరో "సాధించావురా" అన్నారు. తర్వాత జోగినాయుడు నా కరపత్రం మొదటినుంచి చివరిదాకా చదివాడు. బాగా చదివాడు. చివరి పేజీ కూడా.

ఆ తర్వాత తీర్మానం. ఇకమీదట గవిపాలెంలో ఎవరినీ చాటుగా దొంగ అనకూడదు. బోర్డు అడుగున పేరున్న ప్రతి మనిషికీ ఊరందరి ముందూ పూర్తి బరువు ఎత్తి తన నిజాయితీ నిరూపించుకునే హక్కు ఉంటుంది. ఆ హక్కు పేరు అసిరమ్మ పరీక్ష.

చప్పట్లు. నేను ఏదో అరిచాను. నేనూ హర్షిస్తున్నాననుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

చీకటి పక్షం, ఆదివారం

అత్తకి చెప్పాను. దాచాలనుకున్నాను గానీ ఆమె దగ్గర నాకెప్పుడూ ఏదీ దాగలేదు.

"పైనెట్టినారా? అందరికన్నానా?" మొహం వెలిగింది. ఆ వెలుగుని నేను చూడకుండా ఉంటే బాగుండేది. కాసేపటికి అడిగింది. "మరి అడుగునెవులున్నారు?"

"గున్నయ్య."

ఆమె మొహంలో వెలుగు పోయింది.

"నా పేరు తీసీమను."

"బోర్డు మీంచా?"

"బోర్డు మీద ఉంటే ఉంది, లేపోతే లేదు. ఆ పరీచ్చ మీంచి తీసీమను. గున్నడి ఎముకలిరిస్తే నా పేరు సెప్పి ఇరుస్తారేటి?" ఆయాసం వచ్చి ఆగింది. "నువ్వు నాకోసం కోప్పడినావురా తవుటూ, కాదన్ను. ఒక్కపాలి నా నడుం మీద సెయ్యేసి సూసినావేటి?"

నేను దిండు సర్దబోతే నా చెయ్యి తోసేసింది.

"ఎల్లు. అడిగీసి రా. కోప్పడకుండా అడుగు."

బయటికి వస్తే గుమ్మం పక్కనే గున్నయ్య. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మనిషి సగమయ్యాడు. వరసలో వెనకవాళ్లు అప్పుడే అంటున్నారట, మొన్నటిదాకా అత్త మీద అన్న మాటలే. "నాకూ ఏర్పాటు సెయ్యి బాబూ. నువ్వయితే బేగి సేయిస్తావు."

"ముందు ఫోటో తీయించుకుందాం బాబాయ్. డాక్టరమ్మని నేనడుగుతాను."

"అడిగినాను. ఇరిగినోల్లకే అంది. కమిటీకి రాసినాదంట, ఒప్పుకోలేదంట."

"నొప్పి ఉందా?"

"అందరికీ ఉండేదే."

చీకటి పక్షం, సోమవారం

కోప్పడకుండా అడిగాను. చేతులు కట్టుకుని అడిగాను. "మా అత్త పేరు తియ్యండి. పరీక్ష ఆపండి. ముందు యంత్రం ఫోటోల్ని చెరపడం మానుకోండి."

జోగినాయుడు ఓపిగ్గా విన్నాడు. "హక్కుని రద్దు సెయ్యమంటావా బాబూ? నువ్వు సాదించిన హక్కు. జనం ఒప్పుకోరు." తీర్మానం మార్చాలంటే ఎవరి పేరు మీద ఉందో వాళ్లే సభకి నడిచి వచ్చి చెప్పాలట. నడిచి వచ్చి. ఆ మాట అన్నాక ఆయనకే తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఇది ఇప్పుడు హాల్లోంచి రాస్తున్నాను. గున్నయ్య పరీక్షకని బల్లలు పక్కకి లాగారు. చట్రంలో నేనున్నాను. పట్టీలు నేనే బిగించుకుని, కట్టుకి తాళం వేసి, తాళంచెవి చొక్కాలో వేసుకున్నాను. స్ప్రింగులు లాగుతుంటే అక్షరాలు కిందికి జారుతున్నాయి. నేను దిగితే తప్ప ఇందులో ఎవరూ ఎక్కలేరు. అత్తకి ఈ సంగతి ఇంకా తెలియదు. తెలిస్తే తిడుతుంది.

జనం చుట్టూ మూగారు. కొందరు నవ్వుతున్నారు. జోగినాయుడు ఎవరినో పిలిపించమంటున్నాడు. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, లోపలికి రావడం లేదు. నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఎముకల్లో ఏముందో, ఎక్కడినుంచి వచ్చిందో, అంకె దాన్ని ఎలా మింగేసిందో. విన్నారు. ఒకావిడ "పాపం" అంది.

గున్నయ్య జనంలోంచి ముందుకి వచ్చాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. నా మొహంలో మొహం పెట్టి చూశాడు. ఇంత కోపంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"లెగు బాబూ" అన్నాడు. "నా వొంతు."